పుట్టినూరు దాచుకున్న తార

2023 జనవరిలో మలేషియా నటి మిషెల్ యో పేరు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ల జాబితాలో కనిపించినప్పుడు ప్రపంచంలోని పెద్ద పత్రికల డెస్కులకు ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. ఆ విభాగంలో నామినేషన్ పొందిన తొలి ఆసియా మహిళ అని శీర్షిక పెట్టడానికి వీల్లేదు. 87 ఏళ్ళ కిందటే ఇంకొకామె ఉంది. అందుకని చాలా పత్రికలు ఒక విశేషణం తగిలించాయి: 'తాను ఆసియా మనిషినని చెప్పుకున్న' తొలి నటి. ఆ విశేషణం వెనుక నిలబడిన మనిషి మెర్ల్ ఒబెరాన్. ఆసియాలోనే పుట్టింది, ఆసియా రక్తమే ఆమెది, చెప్పుకోలేదు. బతికి ఉన్న 68 ఏళ్ళలో ఒక్కసారి కూడా బహిరంగంగా చెప్పుకోలేదు.

ఆమె పుట్టింది బొంబాయిలో, 1911 ఫిబ్రవరి 19న. పేరు ఎస్టెల్ మెర్ల్ ఒబ్రయన్ థాంప్సన్. తండ్రి ఆర్థర్ థాంప్సన్ ఇంగ్లండులోని డార్లింగ్టన్ నుంచి వచ్చిన రైల్వే మెకానికల్ ఇంజనీరు. పెంచిన తల్లి షార్లట్ సెల్బీ సిలోను యురేషియన్; ఆమెలో కొంత మావోరీ రక్తం కూడా ఉందంటారు. షార్లట్‌కు అంతకుముందే కాన్‌స్టాన్స్ అనే కూతురు ఉంది. సిలోను తేయాకు తోటలో మేస్త్రీగా పనిచేసిన ఒక ఆంగ్లో ఐరిష్ మనిషి ద్వారా, తనకు పద్నాలుగేళ్ళప్పుడు కన్న కూతురు. ఆ కాన్‌స్టాన్స్‌ను మెర్ల్ జీవితాంతం అక్క అనే అనుకుంది. నిజానికి మెర్ల్‌ను కన్నది కాన్‌స్టాన్సే. అప్పటికి ఆ పిల్ల వయసు పన్నెండేళ్ళని చెబుతారు. షార్లట్‌తో కాపురం చేస్తున్న ఆర్థర్ థాంప్సన్ ఆమె కూతురికి చేసిన పనిని ఇవాళ్టి చట్టం ఏమని పిలుస్తుందో విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో పరువు కాపాడుకోవడానికి దొరికిన ఒకే దారి అబద్ధం. అమ్మమ్మ అమ్మ అయింది, అమ్మ అక్క అయింది. మెర్ల్ జీవితంలోని మొదటి అబద్ధం ఆమె ఆడింది కాదు. ఊయలలో ఉండగానే ఆమె చుట్టూ అల్లుకున్నది.

1911 అనే సంవత్సరాన్ని కొంచెం ఆగి చూడాలి. వైస్రాయి హార్డింజ్ ప్రభుత్వం ఆ ఏడాది జనాభా లెక్కల్లోనే మిశ్రమ సంతతి వారికి 'ఆంగ్లో ఇండియన్' అన్న పేరును అధికారికంగా ఖాయం చేసింది. అంతకుముందు ఆ మాట ఇండియాలో కొలువు చేసే అసలు ఇంగ్లీషు దొరలది. మిశ్రమ సంతతిని యురేషియన్లనేవారు, అంతకన్నా మోటుగా ఇంకా చాలా అనేవారు. అదే ఏడాది డిసెంబరులో అయిదవ జార్జి, మేరీ రాణి దర్బారు కోసం బొంబాయి రేవులో దిగారు. ఆ రాణి గౌరవార్థమే మెర్ల్‌కు క్వీనీ అనే ముద్దుపేరు వచ్చిందంటారు. ఒక సమాజానికి సర్కారు కొత్త పేరు పెట్టిన ఏడు పుట్టిన పిల్ల, ఆ పేరు తన మీద పడకుండా ఉండటానికి ఆయువంతా ఖర్చు పెట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆర్థర్ థాంప్సన్ సైన్యంలో చేరి పశ్చిమ రంగంలో న్యుమోనియాతో పోయాడు. 1917లో షార్లట్ పిల్లను తీసుకుని కలకత్తా చేరింది. పిల్లకు లా మార్టినియర్ బడిలో స్కాలర్‌షిప్పు దొరికింది. దొరికిన దానికన్నా అక్కడ పడ్డ మాటలు ఎక్కువ. తల్లి రంగు గురించి, లేని తండ్రి గురించి తోటి పిల్లలు ఎత్తిపొడవగా చివరికి ఆ బడి మానేసి ఇంట్లోనే చదువుకుంది. తరువాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరింది.

రైల్వే, కస్టమ్స్, తంతి, టెలిఫోన్ ఉద్యోగాలు ఆంగ్లో ఇండియన్లకు వలస ప్రభుత్వం గీసి ఇచ్చిన గిరి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, విధేయులు, జీతం మాత్రం దొరల జీతం కాదు. దొరల క్లబ్బులోకి రానివ్వరు, బజారులోని జనంతో కలవనివ్వరు. 1919 సంస్కరణల తరువాత ఉద్యోగాల భారతీయీకరణ మొదలయ్యేసరికి ఆ గిరి కూడా చిన్నదవుతూ వచ్చింది. కలకత్తా ఆంగ్లో ఇండియన్ యువతి ముందున్న దారులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. అందమున్నవాళ్ళకు ఇంకొకటి ఉండేది: సినిమా.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోకుండా ముందుకు పోవడం కష్టం. అదే దశకంలో బొంబాయిలో రూబీ మైయర్స్ అనే యూదు యువతి కూడా టెలిఫోన్ ఆపరేటరే. కోహినూర్ ఫిలిం కంపెనీవారు ఆమెను చూసి తీసుకున్నారు, సులోచన అని పేరు పెట్టారు. మూకీ కాలపు హిందుస్థానీ తెరకు ఆమె మహారాణి అయింది. 1973లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుంది. ఆంగ్లో ఇండియన్ యువతి రెనీ స్మిత్ సీతాదేవి పేరుతో 'లైట్ ఆఫ్ ఆసియా'లో గోపగా నటించింది. మర్యాదస్తుల ఇళ్ళ హిందూ, ముస్లిం స్త్రీలు కెమెరా ముందుకు రాని ఆ రోజుల్లో భారతీయ సినిమాకు తొలి నాయికలను ఇచ్చింది ఈ మధ్యస్థ సమాజాలే. వాళ్ళు దేశీ పేర్లు పెట్టుకుని లోపలికి వచ్చారు. క్వీనీ థాంప్సన్ అటు పోలేదు. ఆమె చూపు మరోవైపు ఉంది.

చౌరంగీలోని ఫిర్పోస్ రెస్టారెంటు అప్పట్లో కలకత్తా తెల్లవారి మిలమిలలకు కేంద్రం. అక్కడే 1929 ప్రాంతంలో ఆమెకు బెన్ ఫిన్నీ అనే మాజీ నటుడు పరిచయమయ్యాడు. కొన్నాళ్ళు కలిసి తిరిగారు. ఒక సాయంత్రం ఆమెను ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళి, లోపల నల్లని తల్లిని చూశాడు. అంతటితో ఆ పరిచయం ముగిసింది. పోతూ పోతూ ఒక ఉపకారం మాత్రం చేశాడు: ఫ్రాన్సుకు వస్తే దర్శకుడు రెక్స్ ఇంగ్రామ్‌కు పరిచయం చేస్తానన్నాడు. వదిలించుకోవడానికి చెప్పిన మాట కూడా కావచ్చు. తల్లీ కూతుళ్ళు ఉన్నదంతా ఊడ్చుకుని ఓడెక్కారు. అక్కడ చేరేసరికి ఆ మనిషి లేడు గాని, మాట మాత్రం చెప్పి పోయాడు. ఇంగ్రామ్ తన చిత్రాలలో చిన్న వేషాలిచ్చాడు. ఆ చేదు అనుభవం నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల గ్రహించిన సంగతి ఒకటుంది. తన ముఖం చూసి తలుపులు తెరుచుకుంటున్నాయి. అమ్మ ముఖం చూసి మూసుకుంటున్నాయి.

లండన్‌లో కెఫె ద పారీలో హోస్టెస్‌గా పనిచేస్తూ, పేరులేని వేషాలు వేస్తూ కొన్నేళ్ళు గడిచాయి. హంగేరీ నుంచి వచ్చి బ్రిటిష్ సినిమాను తన గుప్పిట్లోకి తెచ్చుకున్న నిర్మాత అలెగ్జాండర్ కోర్డా ఆమెను చూశాడు. 1933లో 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్'లో ఆన్ బొలీన్ వేషమిచ్చాడు. శిరచ్ఛేదానికి నడిచివెళ్ళే రాణిగా తెర మీద ఆమె ఉన్నది కొద్ది నిమిషాలే, కాని చూసినవారు మరిచిపోలేదు. మరుసటి ఏడు లెస్లీ హోవార్డ్ సరసన 'ది స్కార్లెట్ పింపర్నెల్'. ఒబ్రయన్ అనే ఇంటిపేరు ఒబెరాన్‌గా సాగింది అప్పుడే. పేరుతో పాటు పుట్టినూరూ మారింది. ఆమె టాస్మానియా రాజధాని హోబార్ట్‌లో పుట్టిందనీ, తండ్రి గొప్ప సైనికాధికారి అనీ, వేటలో ప్రమాదానికి గురై పోయాడనీ, తరువాత ఇండియాలోని ఉన్నత కుటుంబీకులు పెంచారనీ స్టూడియో ప్రచార విభాగం కథ అల్లింది.

టాస్మానియాయే ఎందుకు? లండన్ నుంచీ, లాస్ ఏంజెలిస్ నుంచీ ఎవరూ వెళ్ళి విచారించలేనంత దూరం. పైగా ఆస్ట్రేలియా 1901 నాటి వలస నియంత్రణ చట్టంతో తనను తెల్లజాతి దేశంగా ప్రకటించుకున్న గడ్డ. అక్కడ పుట్టిందంటే వేరే ధ్రువపత్రం అక్కరలేదు. ఆ దీవి మూలవాసులకు ఏ గతి పట్టిందో తెలిసినవారికి ఈ ఎంపికలోని చేదు ఇంకొంచెం ఎక్కువగానే తగులుతుంది.

ఇండియాలో పుట్టడం అనేది మాత్రం ఆనాడు దాచుకోవలసిన విషయం కానే కాదు. వివియన్ లీ పుట్టింది డార్జిలింగులో, 1913లో. ఆమె కూడా కోర్డా కాంట్రాక్టులో ఉన్న నటే. ఆ సంగతి ఆమె దాచలేదు, ఎవరూ తప్పుపట్టలేదు. సామ్రాజ్యపు బిడ్డకు డార్జిలింగు ఒక ఆభరణం. అందుకే మెర్ల్ కథలో ఇండియా పూర్తిగా చెరిగిపోలేదు, పెరిగిన ఊరుగా ఉండనిచ్చారు. పుట్టిన ఊరుగా మాత్రం కుదరలేదు. పుట్టిన ఊరులో రిజిస్టరు ఉంటుంది. రిజిస్టరులో తల్లి పేరు ఉంటుంది.

కోర్డా వ్యాపార దృష్టిని అర్థం చేసుకోవడానికి సాబును కూడా గుర్తు చేసుకోవాలి. మైసూరు సంస్థానంలో మావటి కొడుకుగా పుట్టిన సాబును 1937లో 'ఎలిఫెంట్ బాయ్'గా ప్రపంచానికి చూపించిన సంస్థ కోర్డాదే. తలపాగా, మొలగుడ్డ, ఏనుగు, మిసమిసలాడే నల్లటి మేను. సాబు భారతీయత అంగట్లో పెట్టి అమ్మవలసిన సరుకు. మెర్ల్ భారతీయత గోదాములో పెట్టి తాళం వేయవలసిన సరుకు. రెండు లెక్కలూ ఒకే చిట్టాలోవి. సాబు నటించిన 'ది డ్రమ్' 1938లో బొంబాయి, మద్రాసులలో విడుదలైనప్పుడు, సామ్రాజ్యాన్ని కీర్తించే ఆ చిత్రంపై జనం వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ఆ మరుసటి ఏడే కోర్డా మెర్ల్‌ను పెళ్ళాడాడు. తాను పుట్టిన నగరంలో తన కాబోయే భర్త సినిమా మీద రేగిన ఆ ఆగ్రహం గురించి ఆమె ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవలసిందే.

మెర్ల్ అబద్ధాన్ని వ్యక్తి బలహీనతగా లెక్కగట్టేవారు ఆనాటి అమెరికా చట్టాల పుస్తకాన్ని పక్కన పెట్టుకోవాలి. 1917 వలస చట్టం ఆసియాలో పెద్ద భాగాన్ని నిషిద్ధ మండలంగా గీసింది. ఇండియా అందులో ఉంది. 1923లో అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చింది. పంజాబు నుంచి వెళ్ళి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి అతను. భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని న్యాయస్థానం తేల్చింది. అంతకుముందు పౌరసత్వం పొందినవారి నుంచి కూడా వెనక్కి లాక్కున్నారు. ఆ తలుపు కొంచెం తెరుచుకోవడానికి 1946 దాకా, లూస్-సెల్లర్ చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ఆ తెరుచుకోవడమైనా ఎంత? ఏడాదికి వంద మంది భారతీయులు.

దేశపు చట్టం ఇలా ఉంటే సినిమా చట్టం ఇంకోలా ఉండేది. 1930లో రాసుకుని 1934 నుంచి కచ్చితంగా అమలుచేసిన హేస్ కోడ్ తెర మీద జాతుల మధ్య ప్రేమను నిషేధించింది. రాసింది తెలుపు నలుపుల గురించే అయినా ఆసియావారికీ అదే వర్తింపజేశారు. లాస్ ఏంజెలిస్‌లోనే పుట్టిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్‌కు ఏమైందో చూస్తే చాలు. చైనా రైతు కుటుంబం కథ అయిన 'ది గుడ్ ఎర్త్'లో నాయకుడు పాల్ మ్యూని తెల్లవాడు. అతనికి భార్యగా చైనా నటి పనికిరాదు. జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌కు ఆ వేషమిచ్చారు. ఆమెకు ఆస్కార్ వచ్చింది. అన్నా మే వాంగ్ తానెవరో దాచలేదు, దాచడానికి ముఖం ఒప్పుకునేది కాదు. నిజాయితీకి హాలీవుడ్ ఇచ్చిన ప్రతిఫలం అది.

మెర్ల్‌కు ముఖం ఒప్పుకుంది. 1935లో సామ్యూల్ గోల్డ్‌విన్ ఆమెను 'ది డార్క్ ఏంజెల్'లో అచ్చమైన ఇంగ్లీషు యువతి కిటీ వేన్‌గా చూపించాడు. అంతకుముందు చిత్రాలలో ఆమెకు పూసిన తూర్పుదేశపు మత్తునంతా కడిగేసి, జుట్టు సాదాగా దువ్వి, లేసు గౌన్లు తొడిగించాడు. ఆ వేషానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు బెట్టీ డేవిస్‌కు వెళ్ళింది. అకాడమీ రికార్డులలో ఉత్తమ నటి నామినేషన్ పొందిన తొలి ఆసియా మహిళ ఆమే. ఆమె పొందింది ఆసియా మహిళ కాదని నమ్మించినందువల్లనే.

ఈ కాలమంతా షార్లట్ ఎక్కడుంది? కూతురి దగ్గరే ఉంది. లండన్‌లోని ఆ ఇంటికి వచ్చే అతిథులకు తలుపు తీసేది. చీర కట్టుకున్న నల్లని ముసలామె టీ తెచ్చి పెట్టి, ఒక పక్కకు ఒదిగి నిలబడేది. వచ్చినవాళ్ళు ఆమెను పనిమనిషి అనుకున్నారు; మెర్ల్ అలాగే అనుకోనిచ్చింది. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవలసి వస్తే హిందుస్థానీలో మాట్లాడుకునేవారని చెబుతారు. యజమానురాలు ఆయాతో మాట్లాడే భాష అదేనని అతిథులకు అనిపించి ఉంటుంది. ఏ కూతురైనా అమ్మకు ఇలా చేయవచ్చునా అని అడగడం తేలిక. ఆ ఏర్పాటులో షార్లట్ వంతు ఎంత అన్నది మాత్రం ఎవరూ అడగరు. తన కడుపున పుట్టిన చిన్నపిల్ల పరువు కోసం, ఆ పిల్ల కన్న బిడ్డను తన బిడ్డగా చెప్పుకున్న మనిషి ఆమె. రెండోసారి బంధుత్వం మార్చుకోవలసి వచ్చినప్పుడు, అమ్మ నుంచి ఆయాకు దిగవలసి వచ్చినప్పుడు, ఆమె ఏడ్చిందో, నవ్విందో, తానే ఆ ఉపాయం చెప్పిందో. చరిత్రలో షార్లట్ సెల్బీ మాటలు లేవు. ఆమె 1937లో చనిపోయింది.

పన్నెండేళ్ళ తరువాత, 1949లో, మెర్ల్ ఒక పాత ఫొటో ఇచ్చి అమ్మ చిత్తరువు గీయించింది. చర్మం రంగు తేల్చమని చిత్రకారుడికి చెప్పింది. ఆ పటం ఆమె మారిన ప్రతి ఇంట్లోనూ, ఆమె పోయేదాకా గోడ మీద ఉంది. ఆ పటంలో ఉన్నది కపటమే అనేవారున్నారు. కాని అమ్మ పటం అసలే పెట్టుకోకుండా ఉండవచ్చు కదా. అది ఇంకా తేలిక, ఇంకా క్షేమం. పెట్టుకోకుండా ఉండలేకపోయింది, ఉన్నదున్నట్టు పెట్టుకోలేకపోయింది.

1939 సంవత్సరం ఆమె వృత్తి జీవితానికి శిఖరం. విలియం వైలర్ దర్శకత్వంలో 'వుదరింగ్ హైట్స్'; కేథీగా మెర్ల్, హీత్‌క్లిఫ్‌గా లారెన్స్ ఒలీవియే. ఆ కేథీ వేషం కోసం ఒలీవియే ప్రేయసి వివియన్ లీ ఆశపడింది, దక్కలేదు. ఆమె 'గాన్ విత్ ద విండ్'కు వెళ్ళింది. ఆ ఏడాది హాలీవుడ్ గొప్పగా చెప్పుకున్న రెండు ప్రేమకథల నాయికలూ ఇండియాలో పుట్టినవారే అన్నమాట. ఒకరి సంగతి లోకానికి తెలుసు, ఇంకొకరి సంగతి తెలియదు.

ఎమిలీ బ్రాంటీ నవల చదివినవారికి ఇంకొక సంగతి తడుతుంది. లివర్‌పూల్ వీధుల్లో దొరికిన హీత్‌క్లిఫ్ నల్లవాడు. అతన్ని చూసిన ఒక పాత్ర, తూర్పుదేశపు ఓడ కూలీ బిడ్డ అయి ఉంటాడని, అంటే లస్కరు పిల్లవాడని, అనుమానిస్తుంది. పుట్టుక తెలియనివాడు, రంగు వల్ల అవమానాలు పడినవాడు. ఆ పాత్రను ఇంగ్లీషు పాదరీ కొడుకు ఒలీవియే వేశాడు. అతన్ని ప్రాణంగా ప్రేమించి కూడా, అతన్ని చేసుకుంటే తన స్థాయి పడిపోతుందని ధనవంతుడైన తెల్లవాణ్ణి పెళ్ళాడే కేథీని బొంబాయిలో పుట్టిన యురేషియన్ వేసింది. చిత్రానికి ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒలీవియేకు కూడా ఒకటి. మెర్ల్‌కు రాలేదు. కేథీ తన ఎంపికను ఒప్పుకునే ఆ వంటింటి సన్నివేశంలో ఆమె ముఖాన్ని ఇప్పుడు చూస్తే, విమర్శకులు అప్పట్లో పేలవం అన్నది పేలవంగా అనిపించదు.

దాచినదానికి శరీరం కూడా సుంకం కట్టింది. 1937లో 'ఐ, క్లాడియస్' చిత్రీకరణ మధ్యలో లండన్‌లో కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయాలయ్యాయి. ఆ చిత్రమే ఆగిపోయింది. 1940లో సౌందర్య సాధనాల విషప్రభావం, సల్ఫా మందులు పడకపోవడం కలిసి చర్మాన్ని ఇంకా పాడుచేశాయి. న్యూయార్క్‌లో నిపుణుల చేత పైపొర గీకించుకునే చికిత్సలు పదేపదే చేయించుకుంది. రంగు లేకుండా చూస్తే గుంటలు కనిపించేవట. ఛాయాగ్రాహకుడు లూసియన్ బలార్డ్ కెమెరా పక్కనే ఒక చిన్న దీపం అమర్చి ఆ గుర్తులు తెర మీద మాయమయ్యేలా చేశాడు. 1945లో ఆమె కోర్డాతో విడిపోయి బలార్డ్‌ను పెళ్ళాడింది. ఆ దీపానికి సినిమావాళ్ళు ఆమె పేరు మీదుగా 'ఓబీ' అని పేరు పెట్టారు. మనిషి నిజం చెప్పకపోయినా ఆమె పేరుతో ఒక దీపం మిగిలింది.

ఆ తరువాతి కథ త్వరగానే చెప్పుకోవచ్చు. 'ఎ సాంగ్ టు రిమెంబర్'లో జార్జ్ శాండ్, 'డిజిరే'లో మార్లన్ బ్రాండో నెపోలియన్‌కు జోసెఫీన్; వేషాలు తగ్గుతూ వచ్చాయి. 1957లో పారిశ్రామికవేత్త బ్రూనో పాగ్లియాయ్‌ను పెళ్ళి చేసుకుని మెక్సికోలో విలాసంగా బతికింది, ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకుంది. 1973లో తానే నిర్మించి నటించిన 'ఇంటర్వల్' ఆడలేదు. అందులో నటించిన, తనకన్నా చాలా చిన్నవాడైన రాబర్ట్ వోల్డర్స్‌తో నాలుగో పెళ్ళి.

ఇండియాలో ఈ మధ్యకాలంలో చాలా జరిగింది. స్వతంత్రం వచ్చింది. ఫ్రాంక్ ఆంథోనీ వంటివారు రాజ్యాంగ సభలో పోరాడి ఆంగ్లో ఇండియన్లకు కొన్ని రక్షణలు సాధించారు. రైల్వే, కస్టమ్స్, తపాలా తంతి ఉద్యోగాలలో పదేళ్ళ పాటు ప్రత్యేక అవకాశం, 331వ అధికరణం కింద లోక్‌సభలో ఇద్దరు, 333 కింద రాష్ట్ర శాసనసభల్లో నామినేటెడ్ సభ్యులు. 366వ అధికరణం రెండో ఖండం ఆంగ్లో ఇండియన్ అంటే ఎవరో నిర్వచించింది. తండ్రి గాని, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఎవరైనా గాని ఐరోపా సంతతి అయి ఉండాలి. ఈ దేశంలో స్థిరనివాసులకు పుట్టి ఉండాలి. తల్లి ప్రసక్తి లేదు. విచిత్రమేమంటే రాజ్యాంగం తండ్రిని మాత్రమే చూసింది, హాలీవుడ్ తల్లిని మాత్రమే చూసేది. ఈ రెండు కొలతల మధ్య ఇరుక్కున్న మనుషులు 1947 తరువాత వేలకు వేలుగా బ్రిటన్‌కు, కెనడాకు, ఆస్ట్రేలియాకు ఓడలెక్కారు. తెల్లదేశపు అధికారుల ముందు తమ రక్తంలో ఐరోపా పాలు ఎంతో నిరూపించుకోవలసి వచ్చింది. మెర్ల్ ఇరవై ఏళ్ళ ముందే చేసిన పనిని వాళ్ళు దరఖాస్తులు నింపి చేశారు.

2019 డిసెంబరులో 126వ రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చినప్పుడు, ఆ నామినేటెడ్ స్థానాలను ఎందుకు తీసేస్తున్నారన్న ప్రశ్నకు నాటి న్యాయశాఖ మంత్రి పార్లమెంటులో చెప్పిన అంకె 296. దేశం మొత్తంలో 2011 జనగణన ప్రకారం ఉన్న ఆంగ్లో ఇండియన్లు 296 మందేనట. ఆ సమాజానికే చెందిన ఎంపీ డెరెక్ ఒబ్రయన్ సహా ప్రతిపక్ష సభ్యులు ఆ లెక్కను తప్పుపట్టారు. కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ రైల్వే కాలనీలు తెలిసినవారెవరూ ఆ అంకె నమ్మలేరు. బిల్లు ఆమోదం పొందింది. 2020 జనవరి 25 నుంచి ఆ స్థానాలు లేవు. 1911 జనగణనలో పేరు పొందిన సమాజం వందేళ్ళ తరువాతి జనగణన అంకెతో ప్రాతినిధ్యం పోగొట్టుకుంది. తానెవరో చెప్పుకోని మనిషిని లెక్కించడం కష్టమని ప్రభుత్వాలు అనవచ్చు. చెప్పుకోవడానికి ఎన్ని తరాలు భయపడ్డాయన్నది ఏ జనగణన పట్టికలోనూ గడి లేని ప్రశ్న.

మెర్ల్‌ను పిరికిదని కొందరు, జాతిద్రోహి అని కొందరు, కలలు కన్న ధీర అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటారు. ఆ వాదనలలో ఒక తేడా మరుగున పడుతోంది. తాను తెల్లదాన్నని చెప్పుకుని ఆమె నల్లవారిపై ఆధిక్యం కోరలేదు, ఏ చట్టాన్నీ సమర్థించలేదు. ఆమె కోరింది వేషాలు. వేషం వేయడానికి జాతి ధ్రువపత్రం అడిగినవారిని వదిలి, దొంగ పత్రం చూపిన పిల్లను బోనెక్కించడం న్యాయమనిపించుకోదు. అయితే అమ్మను పనిమనిషిగా నిలబెట్టిన సంగతికి ఏ చట్టమూ పూర్తి సమాధానం కాదు. అది ఆమె ఖాతాలో అలాగే ఉండిపోతుంది.

1978లో ఆమె ఆస్ట్రేలియా వెళ్ళింది. తమ గడ్డ బిడ్డ అనుకుని హోబార్ట్ నగర మేయర్ పౌర స్వాగతం ఏర్పాటు చేశాడు. ఆమె తమ ఊళ్ళో పుట్టినట్టు ఆధారమేదీ లేదని ఆయనకు సభకు కొద్ది ముందు తెలిసింది, అయినా ఆపలేదు. సభకు వెళ్ళే దారిలో ఆమె కారు నడిపే మనిషితో ఇంకో కథ చెప్పింది: చిన్నప్పుడు ఓడలో వెళ్తుంటే తండ్రికి జబ్బు చేసి ఇక్కడ దిగామని. సభలో మాత్రం తాను ఇక్కడ పుట్టలేదనేసింది. అంతలోనే ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళిపోయింది. మిగిలిన రోజులన్నీ హోటలు గదిలోనే గడిపింది. తన పేరు పెట్టిన నాటకశాల చూడటానికి కూడా బయటికి రాలేదు. టాస్మానియా జనం మాత్రం ఆ కథను వదులుకోలేదు. అక్కడి ఒక చైనా సంతతి స్త్రీకి పుట్టిన బిడ్డేనని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చారు. కల్పించిన ఊళ్ళో కూడా ఆమెకు తెల్లని తల్లి దొరకలేదు.

మరుసటి ఏడు, 1979 నవంబరు 23న, కాలిఫోర్నియాలోని మాలిబులో మెర్ల్ ఒబెరాన్ కన్నుమూసింది. 1983లో చార్లెస్ హైయమ్, రాయ్ మోస్లీ రాసిన జీవితచరిత్రతో బొంబాయి బయటపడింది. ఆ పుస్తకంలో కూడా తల్లి షార్లట్టే.

అసలు కాగితం అంతకుముందే ఒకరి చేతిలో ఉంది. కాన్‌స్టాన్స్ తరువాత పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది. వాళ్ళలో ఒకడు కెనడాలో స్థిరపడ్డాడు. మెర్ల్ తనకు పిన్ని అవుతుందని నమ్మిన ఆ మనిషి బొంబాయి ప్రభుత్వ రికార్డులు వెతికించి ఆమె జనన ధ్రువపత్రం సంపాదించాడు. తల్లి పేరు ఉండవలసిన చోట తన తల్లి పేరు చూశాడు. పిన్ని కాదు, అక్క. ఆమెను చూడాలని లాస్ ఏంజెలిస్ వెళ్ళాడు. ఆమె కలవడానికి ఒప్పుకోలేదు. జీవితచరిత్ర రాస్తున్నవారు వచ్చి అడిగినప్పుడు ఆయన ఆ సంగతి చెప్పలేదు. చివరికి 'ది ట్రబుల్ విత్ మెర్ల్' అనే డాక్యుమెంటరీ తీసిన ఆస్ట్రేలియా దర్శకురాలికి చెప్పాడు. ఆ చిత్రం 2002లో వచ్చింది. అప్పటికి మెర్ల్ పోయి ఇరవై మూడేళ్ళు.